బ్రిస్కెట్‌ను కోసే ముందు ఎంతసేపు ఆపాలి? ‘రెస్టింగ్’ అనే ఒక్క మాటలో కలిసిపోయిన మూడు పనులు

పన్నెండు గంటలు పొగలో వండిన బీఫ్ బ్రిస్కెట్‌ను, అంటే రొమ్ము కండను, కోసే ముందు ఎంతసేపు పక్కన పెట్టాలని టెక్సాస్‌లో అడిగి చూడండి. ఒకరు అరగంట చాలంటారు. ఇంకొకరు రెండు గంటలకు తగ్గకూడదంటారు. మూడో ఆయన రాత్రంతా ఉంచాలంటారు. విచిత్రం ఏమిటంటే ముగ్గురి బ్రిస్కెట్లూ బాగానే ఉంటాయి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి డాలస్ శివార్లలో తెలుగువాళ్ల పెరళ్లలోకి కూడా పెల్లెట్ గ్రిల్లులు (చెక్కపొట్టు గుళికలతో మండే పొయ్యిలు) వచ్చాక ఈ గందరగోళం మన ఇళ్లలోకీ వచ్చింది. పొద్దున్నే లేచి, కట్టెలు మండించి, ఎంతో ఓపికగా వండిన మాంసం చివరి రెండు గంటల్లో చెడిపోతే కలిగే బాధ చిన్నది కాదు. చాలాసార్లు పొరపాటు జరిగేది పొగ దగ్గర కాదు, ఆ తర్వాతే.

ఈ తికమకకు కారణం ఇలా పక్కన పెట్టడాన్ని పిలిచే ‘రెస్టింగ్’ అన్న మాటే. దాని కింద మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, లోపల ఇంకా సాగుతున్న ఉడుకును ఆపడం. రెండు, కోయడానికి అనువైన వేడికి దింపడం. మూడు, అతిథులు వచ్చేదాకా వేడి తగ్గకుండా కాపాడటం. ఈ మూడో పనిని వంటవాళ్లు ‘హోల్డింగ్’ అంటారు. ఒక్కోదానికి పట్టే సమయం వేరు, కావలసిన వేడి వేరు, పొంచి ఉన్న ప్రమాదమూ వేరే. అరగంట అన్నాయన మొదటి పని గురించి చెబుతున్నాడు, రాత్రంతా అన్నాయన మూడోదాని గురించి. (వేడి కొలతలు సెల్సియస్‌లో ఇస్తున్నాం. అమెరికా థర్మామీటర్లు చూసేవాళ్ల కోసం బ్రాకెట్లలో ఫారెన్‌హీట్.)

అసలు ఈ ముక్క ఎందుకింత మొండిది

బ్రిస్కెట్ అంటే ముందుకాళ్ల మధ్య ఉండే రొమ్ము కండ. పశువులకు మనలా కాలర్‌బోన్ (భుజాన్ని రొమ్ము ఎముకకు కలిపే ఎముక) ఉండదు కాబట్టి ఒంటి బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది ఇలాంటి కండలే. రోజంతా పనిచేసే కండలో కొల్లాజెన్ అనే నారలాంటి పదార్థం దండిగా ఉంటుంది. మామూలుగా ఉడికిస్తే అది తోలులా సాగుతుంది. 71 డిగ్రీలు (160) దాటాక ఆ కొల్లాజెన్ చెప్పుకోదగ్గ వేగంతో కరిగి జెలటిన్‌గా మారడం మొదలవుతుంది. వేడి పెరిగేకొద్దీ ఆ వేగమూ పెరుగుతుంది.

జెలటిన్ మనకు కొత్తదేమీ కాదు. పాయా తిన్న చేతివేళ్లు ఒకదానికొకటి అంటుకుంటాయి చూడండి, ఆ జిగురే ఇది. మిగిలిన పాయాను ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి గడ్డలా బిగుసుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్లలా, చల్లారేకొద్దీ చిక్కగా, చివరికి గడ్డగా. ఈ గుణాన్ని గుర్తుపెట్టుకుంటే కింద వచ్చే సగం విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

ఒక బ్రిస్కెట్‌లో రెండు కండలు ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పలచగా, కొవ్వు తక్కువగా ఉండేది ఫ్లాట్. మందంగా, కొవ్వు చారలతో ఉండేది పాయింట్. పాయింట్ చాలా తప్పుల్ని క్షమిస్తుంది. ఫ్లాట్ ఒక్కదాన్నీ క్షమించదు. అందుకే ఆపడం, వేడిగా ఉంచడం గురించిన జాగ్రత్తలన్నీ నిజానికి ఫ్లాట్ కోసమే.

స్మోకర్‌లోంచి తీసినా ఉడుకుతూనే ఉంటుంది

పొగతో వండే పొయ్యిని స్మోకర్ అంటారు. దాని లోపలి గాలి సాధారణంగా 107 నుంచి 135 డిగ్రీల (225–275) మధ్య ఉంటుంది. మాంసం మధ్యభాగం 93–96కి (200–205) చేరేసరికి చాలా బ్రిస్కెట్లు సిద్ధమవుతాయి. అంకె కన్నా నమ్మకమైనది చేతి స్పర్శ. ఫ్లాట్‌లో మందమైన చోట ప్రోబ్ (థర్మామీటర్ సూది) గుచ్చితే వెన్నముద్దలోకి దిగినట్టు అడ్డం లేకుండా దిగాలి.

అప్పుడు పై పొర మధ్యభాగం కన్నా వేడిగా ఉంటుంది. బయటికి తీసినా ఆ వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. తక్కువ మంట మీద వండినది కాబట్టి మధ్యలో పెరిగే వేడి కొద్ది డిగ్రీలే. అసలు ముప్పు ఆ పెరుగుదల కాదు, దిగకపోవడం. ఆరు కిలోల ముక్కను తీసీ తీయగానే ఫాయిల్‌లో బిగించి, దుప్పట్లు కప్పి కూలర్‌లో (పిక్నిక్ ఐస్‌పెట్టెలో) పెట్టి మూసేస్తే అది గంటకు పైగా 90 (194) దగ్గరే ఉండిపోవచ్చు. అంటే స్మోకర్ ఆపినా వంట ఆగలేదు. కొల్లాజెన్ పూర్తిగా కరిగిపోయి, పీచుల్ని పట్టి ఉంచేదేదీ మిగలదు. కత్తి పెట్టగానే ఫ్లాట్ ముక్కలుగా నిలవక పొడిపొడిగా రాలుతుంది. ‘ఎక్కువసేపు రెస్ట్ చేస్తే పాడైంది’ అని చాలామంది చెప్పేది ఇదే. పాడు చేసింది సమయం కాదు, వేడి.

దీనికి చేసేది చాలా మామూలు పని. చుట్టిన కాగితాన్నో ఫాయిల్‌నో పైన విప్పి, ఆవిరి పోనిచ్చి, వంటింటి బల్ల మీద ఉంచుతారు. మధ్యభాగం 80 డిగ్రీలకు (176) కాస్త అటూఇటూగా దిగేదాకా ఆగుతారు. ముక్క పరిమాణాన్నిబట్టి, గదిలో వేడినిబట్టి అరగంట నుంచి గంటకు పైగా పట్టొచ్చు. ప్రోబ్‌ను తీయకుండా అలాగే ఉంచితే ఊహించుకునే పని లేదు. ఇక్కడికి మొదటి పని పూర్తయింది.

రసం లోపలికి తిరిగి వెళ్తుందా?

మాంసాన్ని ఆపడానికి చెప్పే పాత కారణం ఒకటుంది. వేడికి రసాలన్నీ మధ్యలోకి చేరతాయని, కాసేపు ఆపితే మళ్లీ అంచులకు సర్దుకుంటాయని. వినడానికి బాగుంటుంది గానీ కండ నిర్మాణానికి సరిపోదు. పచ్చి కండ పీచులు ముందే నీటితో నిండి ఉంటాయి. అంచుల నుంచి వచ్చే నీటిని మధ్యలో అదనంగా దాచుకునే చోటు వాటిలో లేదు.

ఈ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించినవాళ్లలో బార్బెక్యూ రచయిత మీట్‌హెడ్ గోల్డ్‌విన్, ఆయనతో కలిసి పనిచేసిన భౌతికశాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ఉన్నారు. స్టేకుల మీద ప్రయోగాలు చేసి, ఆపిన ముక్కకూ ఆపని ముక్కకూ కారిపోయే రసంలో తేడా స్వల్పమని, పళ్లెంలోకి కారినదాన్ని ఎలాగూ ముక్కతో అద్దుకునే తింటామని వాళ్లు వాదించారు. పైగా ఆపినకొద్దీ పైన కరకరలాడే పొర మెత్తబడుతుంది, మాంసం చల్లారుతుంది. స్టేక్ విషయంలో ఈ వాదనలో బలముంది.

అయితే దాన్ని తెచ్చి బ్రిస్కెట్‌కు అతికిస్తే చిక్కొస్తుంది. సరిగ్గా ఉడికిన బ్రిస్కెట్ తన పచ్చి బరువులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి పోగొట్టుకుని ఉంటుంది. అందులో పీచులు పట్టి ఉంచిన నీరు మిగిలింది తక్కువే. నోట్లో రసంగా తోచేది జెలటిన్, కరిగిన కొవ్వు. 90 డిగ్రీల దగ్గర కోస్తే జెలటిన్ నీళ్లలా పలచగా ఉంటుంది, బల్ల మీదికి ధారగా కారిపోతుంది. దానితోపాటు బుసబుసమని లేచే ఆవిరీ తేమే. 60–65కి (140–150) దిగితే అదే ద్రవం చిక్కబడి పీచుల మధ్య నిలుస్తుంది. రసం ‘వెనక్కి’ వెళ్లలేదు, ఉన్నచోటే చిక్కబడింది. పాత వివరణ తప్పు, పాత అలవాటు ఒప్పు. కాబట్టి రెండో పనికి గడియారం అవసరం లేదు, థర్మామీటర్ ఉంటే చాలు.

మరీ దించేసినా ఇబ్బందే. బీఫ్ కొవ్వు చల్లారితే మైనంలా అంగిలికి పట్టుకుంటుంది. 55 (131) కిందికి జారిన ముక్క ఎంత బాగా వండినదైనా రుచిలో బరువుగా ఉంటుంది.

రాత్రంతా వేడిగా ఉంచితే ఏమవుతుంది

హోటళ్లకు ఇది రుచి కన్నా ముందు బతుకుతెరువు సమస్య. పదకొండింటికి తలుపులు తీయాలి. బ్రిస్కెట్ ఎన్ని గంటల్లో ఉడుకుతుందో ముందుగా చెప్పలేం. 65–77 డిగ్రీల (150–170) మధ్య మాంసం పైనుంచి నీరు ఆవిరవుతూ వేడి పెరగకుండా గంటల తరబడి నిలిపేస్తుంది. దీన్నే ‘స్టాల్’ అంటారు. ఒక ముక్క నాలుగు గంటలు ముందుగా, ఇంకొకటి ఆలస్యంగా సిద్ధమవుతుంది. ముందు రోజే వండి, తేమ పోకుండా తక్కువ వేడిలో నిలబెట్టే హోల్డింగ్ క్యాబినెట్లలో ఉంచితే ఈ చిక్కు తీరుతుంది. సెంట్రల్ టెక్సాస్‌లో ఇప్పుడు చాలాచోట్ల జరిగేది ఇదే.

ఇలా ఉంచినప్పుడు రుచి కూడా మెరుగుపడుతుందని సమర్థకులు అంటారు. 60–68 డిగ్రీల (140–155) దగ్గర మిగిలిన కొల్లాజెన్ నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది. పీచులు అంతకు ముందే ఎక్కువ వేడి చూసి ముడుచుకున్నాయి కాబట్టి ఈ వేడిలో కొత్తగా పోగొట్టుకునే నీరు తక్కువ. ముక్క అంతటా వేడి ఒకేలా సర్దుకుంటుంది. ఉడకడంలో కాస్త వెనకబడిన ఫ్లాట్ అందుకుంటుంది. రంజాన్ నెలలో హైదరాబాద్ హలీం డేగిషాలు బట్టీ మీద సాయంత్రమంతా సన్నని సెగలో ఉన్నకొద్దీ జిగురు తేలడం చూసినవాళ్లకు ఈ మాట తేలిగ్గానే మనసుకెక్కుతుంది. అక్కడ మాంసం గోధుమల్లో మెదిగిపోతుంది, ఇక్కడ ముక్క ముక్కగానే నిలవాలి. అదొక్కటే తేడా.

వ్యతిరేకించేవాళ్ల మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. మిరియాలు, ఉప్పు, పొగ కలిసి పైన కట్టే నల్లటి పెచ్చును ‘బార్క్’ అంటారు. మూసి ఉంచిన గంటల్లో ఆవిరి దాన్ని నానబెడుతుంది. పొగ ఘాటు తగ్గి, కుండలో ఉడికించిన కూర వాసన వస్తుందని, తీసీ తీయగానే కోసిన బ్రిస్కెట్‌లో ఉండే చురుకు ఉండదని వాళ్లు అంటారు. జర్మన్, చెక్ వలసదారుల మాంసం దుకాణాల నుంచి పుట్టిన పాత టెక్సాస్ పద్ధతిలో పొయ్యి మీంచి నేరుగా కోసి కాగితంలో పెట్టి ఇవ్వడమే ఆనవాయితీ. రెండు పక్షాలూ రెండు వేర్వేరు రుచులను సమర్థిస్తున్నాయి. మా అంచనాలో, ఇంట్లో ఒకే ఒక్క బ్రిస్కెట్ వండేవాళ్లకు రెండు నుంచి నాలుగు గంటలు వేడిగా ఉంచడం వల్ల దక్కే మెత్తదనం, బార్క్‌లో పోయే కరకర కన్నా విలువైనది. పది గంటలు దాటాక అదనంగా వచ్చేది తక్కువ.

ఐస్ లేని ఐస్‌పెట్టె, దాని లెక్క

కేటరింగ్‌వాళ్లు వాడే వేడి పెట్టెల్ని కాంబ్రో అనే కంపెనీ పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో ఆ పని పిక్నిక్ కూలర్ చేస్తుంది. వేడిని బయటికి పోనివ్వని గోడకు లోపలున్నది ఐసా, మాంసమా అనే తేడా లేదు.

కూలర్‌లో మరిగే నీళ్లకు కాస్త తక్కువ వేడి నీళ్లు పోసి, మూతపెట్టి అరగంట ఉంచి పారబోస్తారు. చల్లటి గోడలు మాంసంలోని వేడిని పీల్చకుండా ఈ ముందుజాగ్రత్త. అడుగున పాత తువ్వాలు, దానిపైన చుట్టిన బ్రిస్కెట్, చుట్టూ ఖాళీ మిగలకుండా మరిన్ని తువ్వాళ్లు. ఖాళీగా ఉన్న గాలే వేడిని దొంగిలిస్తుంది. పెద్ద కూలర్‌లో చిన్న ముక్క పెట్టి ‘రెండు గంటలకే చల్లారింది’ అనేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. నిండుగా కూరిన మంచి కూలర్ మూడు నాలుగు గంటలు హాయిగా కాపాడుతుంది. మూత తీసి చూసిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది. ప్రోబ్ వైరు బయటికి ఉంచితే మూత తీసే అవసరమే రాదు.

ఇంకెంతసేపు ఆగుతుందో రెండు కొలతలతో తేల్చుకోవచ్చు. మధ్యాహ్నం 2 గంటలకు మాంసం 77 డిగ్రీలు, 3 గంటలకు 71 అనుకోండి. గంటకు 6 డిగ్రీలు పడుతోంది. భద్రతకు కనీస గీత అయిన 60కి (కారణం కింద ఉంది) దిగడానికి ఇంకా 11 డిగ్రీలు ఉంది. 11ని 6తో భాగిస్తే ఒక గంటా యాభై నిమిషాలు. అంటే 4:50 దాకా ధీమాగా ఉండొచ్చు. నిజానికి ఇంకాస్త ఎక్కువే ఆగుతుంది. లోపలి వేడికీ బయటి వేడికీ తేడా తగ్గేకొద్దీ చల్లారే వేగమూ తగ్గుతుంది. లెక్క తప్పినా క్షేమం వైపే తప్పుతుంది.

ఓవెన్‌తో వచ్చే తంటా

నాలుగు గంటలు దాటితే కూలర్‌ను నమ్మకూడదు, వేడినిచ్చేది ఏదో ఉండాలి. అమెరికా ఇళ్లలోని చాలా ఓవెన్లలో పెట్టగలిగే కనీస వేడి 77 డిగ్రీలు (170). అందులో పది గంటలు ఉంచితే అది హోల్డింగ్ కాదు, రెండో వంట. దీనికి అనుభవజ్ఞులు వాడే దారులు రెండు. కొన్ని ఓవెన్లలో కొలత సరిచేసే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కిందికి జరిపితే అంకె 170 చూపిస్తున్నా లోపల అంతకన్నా తక్కువ నడుస్తుంది. ఎంత నడుస్తోందో విడిగా థర్మామీటర్ పెట్టి గంటసేపు గమనించకుండా మాంసం పెట్టకూడదు. రెండో దారి మాంసాన్ని ముందే తీయడం. 95 దాకా ఆగకుండా 88 (190) దగ్గర, ప్రోబ్‌కు ఇంకా కాస్త అడ్డం తగులుతున్నప్పుడే తీసి ఓవెన్‌లో పెడితే మిగిలిన మెత్తదనం అక్కడ వస్తుంది. బియ్యం పలుకు ఉండగానే దింపి దమ్‌కు వదిలే బిర్యానీ లెక్క ఇదే. ఏ దారైనా చుట్టు బిగుతుగా ఉండాలి, పక్కన నీళ్ల గిన్నె పెడితే ఇంకా మంచిది.

60 డిగ్రీల గీత ఎందుకంత ముఖ్యం

వంటకు చచ్చిపోని సూక్ష్మజీవులున్నాయి. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా గట్టి పెంకు లాంటి బీజాలుగా మారి గంటల తరబడి ఉడుకును తట్టుకుంటుంది. మాంసం చల్లారుతూ 43–47 డిగ్రీల (109–117) ప్రాంతానికి రాగానే అది మొలకెత్తి, దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మొలకెత్తడానికి పట్టే సమయం పక్కన పెడితే, వంద కణాలు రెండు గంటల్లో పన్నెండుసార్లు రెట్టింపై నాలుగు లక్షలు దాటుతాయి. పెద్ద కడాయిల్లో వండి వదిలేసిన మాంసం తిని, మర్నాడు కడుపునొప్పి, విరేచనాలతో బాధపడే సందర్భాల్లో తరచూ బయటపడేది ఇదే.

అంకెల్లో మాత్రం రెండు ప్రభుత్వ సలహాలు కలవవు. అమెరికా వ్యవసాయ శాఖ ఇళ్లలో వండుకునేవాళ్లకు 60 (140) చెబుతుంది. హోటళ్లకు వర్తించే ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ సంస్థ) ఫుడ్ కోడ్ 57 (135) అంటుంది, నియమం ప్రకారం వండిన పెద్ద రోస్టులకు 54 (130) దాకా అనుమతిస్తుంది. ఇందులో వైరుధ్యం లేదు. హోటల్లో సరిచూసిన థర్మామీటర్, రాసిపెట్టుకునే రికార్డు ఉంటాయని ఫుడ్ కోడ్ అనుకుంటుంది. ఇంటి కొలత రెండు మూడు డిగ్రీలు అటూఇటూ ఉంటుందని వ్యవసాయ శాఖ జాగ్రత్తపడుతుంది. ఇంట్లో 60నే పట్టుకోవాలి.

ఆ గీత దిగాక బయట ఉంచదగ్గది రెండు గంటలే. టెక్సాస్ వేసవిలోలా గాలి 32 (90) దాటి ఉంటే ఒక్క గంటే. ‘మళ్లీ వేడి చేస్తే సరిపోదా’ అంటే, స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా వదిలిన విషం వేడికి లొంగదు. మిగిలినదాన్ని ముద్దగా ఫ్రిజ్‌లో తోయకుండా, ముక్కలు చేసి పలచగా పరిచి త్వరగా చల్లార్చాలి. హోటళ్లకున్న నియమం 57 నుంచి 21కి (70) రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి (41) మరో నాలుగు గంటల్లో.

అన్ని మాంసాలకూ ఇదే లెక్క కాదు

కోడికి కొల్లాజెన్ తక్కువ, 74 డిగ్రీలకే (165) సిద్ధం. మూసి ఉంచితే తోలు తడిసి రబ్బరులా సాగుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు, అదీ మూత లేకుండా. పంది భుజం బ్రిస్కెట్‌కు దగ్గరి చుట్టం, నాలుగు గంటలూ నిశ్చింతగా ఆగుతుంది. పీచుగా విడదీయడం మాత్రం వడ్డించే ముందే చేయాలి, విడదీసినది చాలా త్వరగా చల్లారుతుంది. బీఫ్ తినని ఇళ్లలో స్మోకర్‌కెక్కే మేక తొడలో కొవ్వు తక్కువ. ఉడికిన తర్వాత దాని మీద కారిన రసాన్నే పోసి, ఫాయిల్‌లో బిగించి గంట, గంటన్నర ఉంచితే చాలు. అంతకు మించితే ఎముక దగ్గర మెత్తబడినా పైకండ ఎండుతుంది.

సాయంత్రం ఆరింటి భోజనానికి వెనక్కి లెక్క

6.4 కిలోల (14 పౌండ్ల) బ్రిస్కెట్, స్మోకర్ 121 డిగ్రీల (250) దగ్గర. ఉడకడానికి 10 నుంచి 13 గంటలు వేసుకుందాం. ఆవిరి పోనివ్వడానికి 45 నిమిషాలు. కోత 5:45కి.

ఇంట్లో ఉన్నది కూలరే అయితే తెల్లవారుజామున 3 గంటలకు పెట్టాలి. మధ్యాహ్నం 1 నుంచి 4 మధ్య ఎప్పుడో సిద్ధమవుతుంది. కూలర్‌లోకి వెళ్లేది 1:45–4:45 మధ్య. అంటే అది కాపాడాల్సింది ఒక గంట నుంచి నాలుగు గంటలు. ఎటు తిరిగినా దాని శక్తిలోనే ఉంది. రాత్రి నిద్ర కావాలనుకుని ముందురోజు 9 గంటలకు పెడితే ఉదయం 7–10కి సిద్ధమవుతుంది, కోత దాకా ఏడు నుంచి పది గంటలు కాపాడాలి. అది కూలర్ పని కాదు. 65 డిగ్రీలకు దించగలిగే ఓవెన్ ఉంటేనే ఈ రెండో పథకం. ముందురోజు రాత్రే పెట్టి కూలర్‌ను నమ్ముకున్నవాళ్లే సాయంత్రానికి గోరువెచ్చటి మాంసంతో మిగులుతారు.

5:45కి విప్పినప్పుడు కాగితంలో నిలిచిన ద్రవాన్ని పారబోయకుండా గిన్నెలోకి వంచుకోవాలి. ఫ్లాట్‌ను పీచుకు అడ్డంగా పెన్సిల్ మందాన కోయాలి. పాయింట్ దగ్గరికి వచ్చేసరికి పీచు దిశ మారుతుంది కాబట్టి ముక్కను తిప్పి పెట్టుకోవాలి. అంతా ఒకేసారి కోసి పళ్లెంలో పేరిస్తే నిమిషాల్లో అంచులు నల్లబడి ఎండుతాయి. ఎందరు కూర్చుంటే అన్ని ముక్కలే కోసి, మిగతాదాన్ని చుట్టి మళ్లీ తువ్వాలు కింద పెట్టాలి. గిన్నెలో వంచుకున్న రసం ఈలోగా పైన కొవ్వు తేలి ఉంటుంది. ఆ కొవ్వు తీసేసి, కోసిన ముక్కల మీద ఒక్కో చెంచా పోస్తే సరి.